మాడని దూది

చేతిలో సూది లేకుండా ఆమె కూర్చోగా చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. భోజనం నిలబడే చేస్తుంది. ఫోను నడుస్తూ మాట్లాడుతుంది. బస్సు ఎక్కితే సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని డ్రైవరు పక్కన నిలబడుతుంది, ముందు వెళ్లే బండిని దాటేయమని సలహా కూడా ఇస్తుంది. ఆ డ్రైవర్లలో ఒకాయన ఈ పోరు పడలేక ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆయన "కాసేపు కూర్చోవే" అంటూనే ఉన్నాడు, ఆమె "వస్తున్నా" అంటూనే ఉంది.

సూది చేతికిస్తే మాత్రం వేరే మనిషి. పొద్దున బల్ల ముందు కూర్చుంటే గంట కొట్టేదాకా మెడ తిప్పేది కాదు. ఆమె కుట్టింది పరుపులు, అందుకే అందరికీ పరుపులక్క. అయితే అవి మనుషులు పడుకునే పరుపులు కావు, యంత్రాలకు వేసేవి. బాయిలర్ నుంచి బయల్దేరే ఆవిరి గొట్టాలకు, వాటి మధ్య కూర్చునే ఇనప వాల్వులకు వేడి బయటికి పోకుండా తొడుగు కావాలి. గొట్టానికైతే చుట్టేస్తే సరి. వాల్వు అలా కాదు, దానికి మెడ ఉంటుంది, చెవులుంటాయి, పొట్ట ఉంటుంది. కొలత తీసి, గోధుమరంగు కాగితం మీద నమూనా గీసి, తెల్లటి మందపాటి గుడ్డ కత్తిరించి, మధ్యలో దూది కూరి, జానెడు సూదితో అడ్డంగా నిలువుగా కుట్లు వేసి, అంచుకు కొక్కేలు బిగించాలి. ఉయ్యాల్లోకి చిన్న పరుపు కుట్టిపెట్టమని అడిగిన పక్కింటావిడకు ఇదంతా ఏకరువు పెట్టేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. అంతా విని ఆవిడ, పోనీ వాల్వుకు కుట్టినట్టే కుట్టు అంది.

పందొమ్మిదో ఏట ఆ పనిలో చేరింది. బాయిలర్లు చేసే ఫ్యాక్టరీ వెనక పొడుగాటి షెడ్డు, కిటికీలు పైనెక్కడో. బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు, మూల గోడకు ఆనించి మూటలు. మూటల మీద ఏదో పరాయి లిపిలో అచ్చేసి ఉండేది, చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. చదవాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు. ఇదేమిటని ఆమె మొదటిరోజే అడిగింది. మేస్త్రీ ఒక్క మాటలో తేల్చేశాడు, దూది అని. దాంతో అది దూది అయిపోయింది. గుడ్డేమో దూది గుడ్డ, దుమ్మేమో దూది దుమ్ము. మధ్యాహ్నానికల్లా ఆరుగురికీ కనుబొమలు తెల్లబడేవి. ముసలమ్మల్లారా పదండి ఇంటికి అని ఒకరి వీపు ఒకరు తట్టుకుంటూ దులుపుకునేవాళ్లు. ఆ నవ్వులు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, మూట మీద ఏముందో చదివి చెప్పనివాళ్ల మీద.

కొత్తగా ఎవరు చేరినా వాళ్లకో తమాషా చూపించేవాళ్లు. గుప్పెడు దూది తీసి స్టవ్వు మంటలో పెట్టేవాళ్లు. అది ఎర్రగా కాలేది గాని మాడేది కాదు. పట్టకారుతో బయటికి తీస్తే మళ్లీ తెల్లగా, వేసింది వేసినట్టే ఉండేది. చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. పరుపులక్కకు అదో గర్వం.

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లప్పుడు షెడ్డు మూతపడింది. చివరిరోజు మిగిలిన గుడ్డతో, మిగిలిన దూదితో ఒక పరుపు కుట్టింది. యంత్రానికి కాదు, తమ్ముడికి. తల్లి పోయాక ఎనిమిదేళ్ల చిన్నవాణ్ని తనే సాకింది. వాడు అప్పుడే ఇస్త్రీ కొట్టు పెట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టె కింద వేసుకోవడానికి ఇంతకంటే మంచి పరుపు ఎక్కడ దొరుకుతుంది? బల్ల కొలత తీసి, మూలలు గుండ్రంగా తిప్పి, చేతిలో ఉన్న పనితనమంతా అందులో పెట్టింది. తమ్ముడు పైగుడ్డ ఎన్నిసార్లు మార్చాడో లెక్కలేదు, లోపలి పరుపు మాత్రం ఇరవై ఏడేళ్లుగా అదే.

అరవై ఒకటో ఏట ఆమెకు కుడిపక్క నొప్పి మొదలైంది. తర్వాత ఆయాసం. మెట్లు ఎక్కుతూ సగంలో ఆగాల్సి వచ్చిందంటే, ఆగడం అనే పనిని ఆమె జీవితంలో మొదటిసారి చేసిందన్నమాట. వీధి చివరి డాక్టరు ఏం పని చేశావమ్మా అన్నాడు. పరుపులు కుట్టానంది. దేంతో అన్నాడు. దూదితో అంది. ఆయన అదే రాసుకుని, దూది దుమ్ముకు ఊపిరితిత్తులు ఇలాగే అవుతాయని దగ్గుమందు ఇచ్చాడు. అడిగినవాడిదీ తప్పు కాదు, చెప్పినదానిదీ తప్పు కాదు. ఒక్క మాట తప్పు. ఆ మాట ఎనిమిది నెలలు తినేసింది. ఆలోగా ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఒకసారి తీస్తే మళ్లీ చేరింది. చివరికి పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఫలితం చెప్పే రోజు మొగుడు ఎక్స్‌రే కవరు పొట్టకు అదుముకుని, స్టీరింగు ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. ఆమె నిలబడింది. ఛాతీ డాక్టరమ్మ చిన్నవయసు మనిషి, మాట మెత్తన. అది క్యాన్సరని, ఊపిరితిత్తిలో కాదు, దాని చుట్టూ ఉండే పొరలో పుట్టిందని దాపరికం లేకుండా చెప్పింది. తర్వాత పాత కాగితాలు తిరగేసి, దూది అని ఉంది, దూదితో ఇది రాదే అని తనలో తాను గొణుక్కుంది. ఆ గొణుగుడు పరుపులక్కకు తన పనిని తక్కువ చేసినట్టు వినిపించింది.

"మాది మామూలు దూది కాదమ్మా. మంటలో వేసినా మాడదు."

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. ఇంకోసారి చెప్పమంది. పరుపులక్క స్టవ్వు తమాషా నుంచి తెల్ల కనుబొమల దాకా అంతా చెప్పింది. డాక్టరమ్మ అప్పుడు దాని అసలు పేరు చెప్పింది. ఆస్బెస్టాస్. మన మాటల్లో రాతినార. దూదీ కాదు, మొక్కా కాదు, గనిలోంచి తవ్వి తీసిన రాయి, పోగులు పోగులుగా విడిపోయే రాయి. పదిహేనేళ్లు ఒళ్లో పెట్టుకుని కుట్టినదాని పేరు ఆమెకు ఆ రోజు తెలిసింది.

ఏం చేస్తుందది లోపల, ఎప్పుడో మానేసిన పని ఇప్పుడెందుకు వచ్చి మీద పడింది అని నిలదీసింది. డాక్టరమ్మ మొగుడి చేతిలో కవరు తీసుకుని వెనక్కి తిప్పి బొమ్మ వేసింది. ఆ పోగు కంటికి ఆనదట. తలవెంట్రుకను నిలువునా కొన్ని వందలుగా చీలిస్తే అందులో ఒకటంత సన్నం. పీల్చిన గాలితో ఊపిరితిత్తుల అడుగుకు పోతుంది, కొన్ని పోగులు అక్కడినుంచి చుట్టూ ఉన్న పొరకూ చేరతాయి. ఒంట్లో చెత్త ఊడ్చే కణాలుంటాయి, అవి వచ్చి పోగును మింగబోతాయి. మామూలు దుమ్మయితే మింగి కరిగించేసేవి. ఇది వాటికంటే పొడుగు. సగం లోపల, సగం బయట, నోరు మూతపడదు. చెత్తను కరిగించడానికి ఆ కణం దాచుకున్న ఘాటు రసాయనాలు బయటికి కారి చుట్టుపక్కల కణాలను కాలుస్తాయి. కొన్ని రకాల రాతినారలో ఇనుముంటుంది, అది ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది. ఒక కణం చస్తే ఇంకోటి వస్తుంది, అదీ అంతే. ఏళ్ల తరబడి ఇదే గొడవ.

"మంటలో మాడదన్నారు కదా, ఒంట్లోనూ కరగదు. అదే చిక్కు" అంది డాక్టరమ్మ.

ఇనుముంటే అయస్కాంతం పెట్టి లాగేయకూడదా అని అడిగింది పరుపులక్క. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది. కుదరదని డాక్టరమ్మ తల అడ్డంగా ఊపి, ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఉంటుందని, మీ నమూనా కాగితం లాంటిదే అనుకోమని చెప్పింది. ఎక్కడ ఎంత పెరగాలో, ఎక్కడ ఆగాలో కొలతలన్నీ దానిమీదే ఉంటాయి. ఆ మంటలో పుట్టే రసాయనాలు డీఎన్ఏను అక్కడా ఇక్కడా తెంపుతుంటాయి. కణం చేతగానిది కాదు, తెగినచోటల్లా అతుకు వేసుకుంటుంది. రోజూ తెగుతుంటే రోజూ అతుకు. ఏదో ఒకరోజు అతుకు తప్పు పడుతుంది. అది ఒక దారి. ఇంకో దారి కూడా ఉంది. కణం రెండుగా విడిపోయేటప్పుడు డీఎన్ఏను క్రోమోజోములుగా చుట్టి చెరిసమంగా పంచుకుంటుంది. సన్నటి దారాలు వాటిని చెరోవైపుకు లాగుతాయి. సరిగ్గా అప్పుడు ఈ పోగు మధ్యలో అడ్డుపడితే?

"చిక్కుపడుతుంది" అంది పరుపులక్క వెంటనే. "లాగితే తెగుతుంది."

తెగుతుంది, ఒక కణానికి ముక్క ఎక్కువ, ఒక కణానికి తక్కువ పోతుంది అంది డాక్టరమ్మ. అలా పోయిన ముక్కల్లో ఒక్కోసారి 'ఇక్కడ ఆపు' అనే కొలత కూడా పోతుంది. ఆ కొలత పోయిన కణం ఆగకుండా పెరుగుతుంది. అదే క్యాన్సర్. ఒక్క తప్పుతో రాదు, చాలా తప్పులు పోగవ్వాలి. అందుకే ముప్ఫై నలభై ఏళ్లు పడుతుంది. ఆ దుమ్ము పీల్చిన అందరికీ రాదు, ఎవరికి వస్తుందో ముందు చెప్పలేరు.

"అంటే కూర్చోమన్నా కూర్చోనిది. నాలాంటిదన్నమాట."

డాక్టరమ్మ నవ్వలేదు. మొగుడు నేలచూపులు చూస్తున్నాడు. ఆయన కళ్లు తుడుచుకున్నది చూసి కూడా పరుపులక్క చూడనట్టే ఊరుకుంది, లేకపోతే తనకూ అదే గతి.

ఆ నార ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉందా, ఉంటే దులపొద్దు, ఊడవొద్దు, కొట్టొద్దు అంటోంది డాక్టరమ్మ. కొట్టొద్దు అన్న మాట చెవిన పడగానే పరుపులక్కకు తమ్ముడి బల్లమీది పరుపు గుర్తొచ్చింది. దూది గట్టిపడకుండా ఉండాలంటే వారానికోసారి పరుపును బయటికి తీసి కర్రతో బాదాలిరా అని తమ్ముడికి నేర్పింది తనే. ఇరవై ఏడేళ్లుగా వాడు వారం తప్పకుండా బాదుతున్నాడు, అక్క చెప్పింది కాబట్టి. వాడు సిగరెట్లు కూడా తాగుతాడు. రెండూ చెప్పింది. డాక్టరమ్మ ముఖం మారింది. మీకొచ్చినదానికి సిగరెట్‌తో సంబంధం లేదు గాని, ఊపిరితిత్తుల్లో వచ్చే క్యాన్సర్ విషయం వేరే, ఈ దుమ్మూ ఆ పొగా కలిస్తే ముప్పు రెండింతలతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది అంది. పరుపులక్క మిగతా మాటలు వినలేదు. మందుల చీటీ బల్లమీదే వదిలేసి బయటికి నడిచింది. పరుపును ఎలా తీయాలో డాక్టరమ్మ చెబితే చీటీ వెనక గబగబా రాసుకుని, కవరు, గొడుగు ఏరుకుని మొగుడు ఆమె వెనక పరుగెత్తాడు.

తనకొచ్చిందేమిటో ఆమె బస్సులో ఆలోచించలేదు. ఈ పూట ఆ బల్లమీద పెట్టె ఎన్నిసార్లు తిరిగి ఉంటుందో లెక్కవేసుకుంటూ నిలబడింది. డ్రైవరుకు సలహా కూడా ఇవ్వలేదు.

ఇస్త్రీ కొట్టు రెండు మెట్లు దిగితే వచ్చే ఇరుకు గది. గోడ పొడుగునా తీగకు వేలాడే చొక్కాలు, మూటకో చీటీ, మధ్యలో బల్ల. తమ్ముడు నోట్లో సిగరెట్‌తో, బూడిద చొక్కా మీద రాలకుండా మెడ పక్కకు వంచి కాలరు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆమె ఆయాసపడుతూనే అంతా చెప్పింది. ఆసుపత్రిలో ఏమన్నారని వాడు అడిగితే దానికి మాత్రం, చూస్తున్నారులే అని దాటేసింది. పరుపు ఇచ్చెయ్యమంది. తమ్ముడు ససేమిరా అన్నాడు. ఈ పరుపు లేకపోతే పెట్టె వేడి నిలవదు, బల్ల మాడుతుంది, రేపటికి ఇరవై మూటలున్నాయి, డాక్టర్లు అలాగే అంటారు. పైగా నువ్వే కదా దూది అన్నావు?

ఆ రోజు నాలుగుసార్లు వెళ్లింది. మర్నాడు ఇంకో నాలుగు. కాలు కాలిన పిల్లిలా ఇంటికీ కొట్టుకూ మధ్య తిరిగింది. ప్రతిసారీ రెండు మెట్ల దగ్గర ఆగి, గోడ పట్టుకుని ఊపిరి కూడగట్టుకుని దిగింది. మరదలికి చెప్పి చూసింది, ఆ మనిషి కట్టుకున్నవాడి మీద మాట నెగ్గించుకోలేక నీళ్లు నమిలింది. కొత్త పరుపు కుట్టిస్తానంది, వాడు వినలేదు. మొండితనం ఎక్కడిదంటే ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, పెంచినదాని దగ్గరే నేర్చుకున్నాడు.

మూడోరోజు వాడికి విసుగొచ్చింది. ఇది దూది అవునో కాదో ఇప్పుడే తేల్చేస్తానన్నాడు. ఆమె వద్దురా, తుంచకురా అంటూనే ఉంది, వాడు మూల కుట్టు ఊడినచోట వేలు పెట్టి చిటికెడు లాగేశాడు. ఆమె పక్కనున్న తడి తువ్వాలు తీసి వాడి ముక్కుకు అడ్డం పెట్టింది. వాడు తువ్వాలు నెట్టేసి జేబులోంచి సిగరెట్ లైటర్ తీసి వెలిగించాడు. నీ భయం కాస్తా బూడిదైపోతుంది చూడు అన్నాడు.

పోగులు ఎర్రబడ్డాయి. వాడు లైటర్ అలాగే పట్టుకున్నాడు. బొటనవేలు కాలి తీసేశాడు. పోగులు మళ్లీ తెల్లబడ్డాయి. వాడు ఇంకోసారి వెలిగించాడు, ఇంకోసారి తెల్లబడ్డాయి. ఆ తమాషాకు షెడ్డులో అందరూ నవ్వేవాళ్లు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. ఇరవై ఏడేళ్లలో పెట్టె మర్చిపోయి ఎన్ని పైగుడ్డలు మాడ్చుకున్నాడో, లోపలి పరుపు మీద ఒక్క మచ్చ కూడా ఎందుకు పడలేదో అని వాడు ఎప్పుడూ అనుకోలేదు. మంచి పరుపు, అక్క కుట్టింది, అంతే అనుకున్నాడు.

ఆ తర్వాత వాడే పెట్టె పక్కన పెట్టి, బావనూ పెళ్లాన్నీ పిలిపించాడు. డాక్టరమ్మ చెప్పినవన్నీ మొగుడు చీటీ వెనక రాసుకున్నాడు కాబట్టి సరిపోయింది. కిటికీ మూశారు, ఫ్యాను ఆపారు. అందరూ ముక్కులకు తడిగుడ్డలు కట్టుకున్నారు. మరదలు చెంబుతో మెల్లగా నీళ్లు పోసింది, పరుపు బరువెక్కేదాకా. పోగులు రాలిన చోటంతా తడిగుడ్డతో ఒత్తి తుడిచి ఆ గుడ్డ కూడా అందులోనే పెట్టారు. దులపకుండా మడిచి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి టేపు చుట్టారు. ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్లేవాళ్లకు ఫోను చేశారు. సంచి మీద ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. పరుపులక్క పెన్ను తీసుకుని పెద్దక్షరాలతో రాతినార అని రాసింది. మూట మీద ఏముందో చదవగలిగేలా ఉండాలని ఆమె పట్టుదల.

మూలల దగ్గర తను వేసిన కుట్లు ప్లాస్టిక్ లోంచి కనిపిస్తున్నాయి. ఒక్కటి కూడా వంకర పోలేదు. ఇంత బాగా ఎందుకు కుట్టానా అని ఆమెకు ఏడుపొచ్చింది. అక్క ఏడవడం తమ్ముడు చిన్నప్పటి తర్వాత చూడలేదు.

"అక్కా, నీకొచ్చింది ఇదేనా?"

అవునంది.

"నాకూ వస్తుందా?"

చిన్నప్పటి నుంచి వాడు ఏమడిగినా ఆమె దగ్గర జవాబు ఉండేది. అమ్మ వస్తుందా అంటే వస్తుందంది. ఇదేంటి అంటే దూది అంది. తెలిసినా తెలియకపోయినా గట్టిగా చెప్పడం ఆమెకు అలవాటు, అలా చెప్పకపోతే వాడు నిద్రపోయేవాడు కాదు.

"తెలియదురా" అంది. "రేపు నాతో రా. ఆ సిగరెట్ మాత్రం ఇక ముట్టుకోకు. మన చేతిలో ఉన్నది అదొక్కటే."

వాడు లైటర్ బల్లమీద పెట్టాడు. వట్టి చెక్క బల్ల, తడిసి ఉంది.

మర్నాడు పెద్దాసుపత్రిలో పేర్లు రాసే కిటికీ ముందు పొడుగాటి వరస. ఆమె వరసలో నిలబడకుండా ముందుకూ వెనక్కూ తిరిగి, ఎంతమంది ఉన్నారో మూడుసార్లు లెక్కపెట్టింది. మొగుడు బెంచీ మీద పక్కన చోటు ఉంచుకుని కూర్చున్నాడు. తమ్ముడి వంతు వచ్చింది. రాసే గుమాస్తా తల ఎత్తకుండా వయసు అడిగాడు, సిగరెట్లు తాగుతారా అని అడిగాడు, నిన్నటితో మానేశానన్నాడు తమ్ముడు. పని ఏమిటన్నాడు. ఇస్త్రీ అన్నాడు తమ్ముడు. గుమాస్తా కలం ఆనించేలోపే పరుపులక్క తమ్ముడి భుజం మీదుగా వంగి చెయ్యి కిటికీలోకి పెట్టింది.

"ఇస్త్రీ రాసి, పక్కన రాతినార అని కూడా రాయండి. ఇరవై ఏడేళ్లు."

అలాంటి పని ఎప్పుడూ వినలేదన్నాడు గుమాస్తా. మీరు వినకపోయినా ఫర్వాలేదు, రాయండి చాలంది. దూది లాంటిదా అని అడిగాడు.

"ఆ ఒక్క మాట మాత్రం రాయకండి బాబూ."

వెనక వరసలో గొణుగుడు మొదలైంది. ఆమె ఖాతరు చేయలేదు. ఒక్కో అక్షరం చెప్పి రాయించింది. పుస్తకం తనవైపు తిప్పమంది. గుమాస్తా నిట్టూర్చి తిప్పాడు. ఆమె అక్షరాల కింద వేలు పెట్టి మెల్లగా చదివింది. రా, తి, నా, ర. సరిగ్గానే ఉంది. అప్పుడు వెళ్లి మొగుడి పక్కన ఖాళీ చేతులతో కూర్చుంది.